గురువారం రాత్రి దిగి ఆదివారం రాత్రి వెళ్ళిపోయే జర్మన్ అతిథులు: బెజవాడ, గుంటూరు ఏ వరసలో చూపించాలి?

పడవలరేవు (ప్రశ్న):

ఫిబ్రవరి రెండో వారంలో మా ఆఫీసాయన, జర్మనీ నుంచి, భార్యతో వస్తున్నారు. గురువారం రాత్రి గన్నవరంలో దిగుతారు, ఆదివారం రాత్రి హైదరాబాద్ రైలెక్కుతారు. బస మా ఇంట్లోనే, పటమటలో. ఆయనకి బౌద్ధ శిల్పం మీద ఆసక్తి. ఆవిడకి నేత, చెక్కపని. ఆవిడ శాకాహారి. ఇద్దరికీ అరవై దాటాయి, నడుస్తారు కానీ మెట్లు ఎక్కువైతే కష్టం.

నేను అనుకున్నది ఇది: శుక్రవారం ఉండవల్లి, అమరావతి. శనివారం మంగళగిరి, గుంటూరు మిర్చి యార్డు. ఆదివారం కొండపల్లి, దుర్గ గుడి, భవానీ ద్వీపం. ఎక్కడైనా తప్పుందా? తిండి, కాగితాల సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట 4/14:

తప్పు మొదటి రోజులోనే ఉందండి. అమరావతి మ్యూజియంకి శుక్రవారం సెలవు. మిర్చి యార్డుకి శని, ఆదివారాలు సెలవు. మీ వరస ప్రకారం వెళ్తే రెండు చోట్లా తాళమే చూస్తారు. శుక్రవారాన్నీ శనివారాన్నీ తారుమారు చేయండి, సరిపోతుంది.

శుక్రవారం పటమట నుంచి ఆరున్నరకి బయల్దేరి ముందు గుంటూరు వెళ్ళిపోండి, మంగళగిరి తిరుగు దారిలో చూడండి. కారు మాట్లాడేటప్పుడు ఎనిమిది గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ అంటారు. గుంటూరు పోను రాను, లోపల తిరగడం, మంగళగిరి కలిపితే 80 దాటుతుంది. దాటిన కిలోమీటరుకి ఎంతో, డ్రైవర్ బత్తా అందులోనే ఉందో లేదో ముందే తేల్చుకోండి.

యార్డుకి వెళ్ళగానే మార్కెట్ కమిటీ ఆఫీసులో ఒక మాట చెప్పి, అనుమతి తీసుకుని లోపలికి వెళ్ళండి. ఫిబ్రవరిలో సరుకు బాగా దిగుతుంది. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య సందుల్లో హమాలీలు బరువుతో పరుగు మీద వస్తుంటారు, దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీస్తే వాళ్ళకి దెబ్బ తగులుతుంది. పక్కకి నిలబడాలి. తేజా, 334, బ్యాడిగీ అనే మూడు మిర్చి రకాలూ పక్కపక్కన పెట్టి చూపించమని ఏదైనా కమీషన్ దుకాణంలో అడగండి, కాదనరు. తేజా సన్నగా ఉంటుంది, మంట విపరీతం. బ్యాడిగీ ముడతలు పడి ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. రంగు పోయి తెల్లబడిన కాయని తాలు అంటారు, దాని ధర వేరు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే వాళ్ళకి యార్డు అర్థమవుతుంది, లేకపోతే ఎర్ర గుట్టలే కనిపిస్తాయి.

ఘాటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మామూలు గుడ్డ మాస్కు ఆగదు, ఎన్95 పెట్టించండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ఇంటి దగ్గరే తీసేసి కళ్ళజోడు పెట్టుకోమనండి. కాయ పట్టుకున్న చేత్తో కళ్ళు నలిపితే ఇక ఆ పూట అయిపోయినట్టే. మిర్చిలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉత్త నీళ్ళతో కడిగితే పోదు. చేతికి ముందు కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఆస్తమా ఉన్నవాళ్ళని లోపలికి అసలు తీసుకెళ్ళకండి. మిగతావాళ్ళు కూడా లోపల అరగంట ఉంటే చాలు.

నన్నడిగితే యార్డు కంటే కల్లం మంచిది. ఆ నెలలో గుంటూరు దాటి పల్లెల వైపు వెళ్తే చేల పక్కన కాయ ఆరబోసి ఉంటుంది. గాలి బయటికి పోతుంది కాబట్టి దగ్గు రాదు. ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతుంటారు, సాయంత్రం మంచు పడకముందే పట్టాలు కప్పుతారు. రైతుని అడిగి గట్టు మీద నుంచి చూడాలి. ఆరబోసిన కాయ మీద కాలు పెట్టకూడదు.

మంగళగిరికి ఒంటిగంట లోపు చేరండి. కొండ మీద పానకాలస్వామి గుడి మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు. పైదాకా కారు వెళ్తుంది కాబట్టి మెట్ల బాధ లేదు. స్వామి నోట్లో శంఖంతో పానకం పోయడం, గుటక చప్పుడు ఆగాక మిగిలింది మనకి తిరిగి ఇవ్వడం, ఇది చూపించాలి. కింద గుడికి ఉన్న పదకొండు అంతస్తుల గాలిగోపురం అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మర్నాడు అమరావతిలో మళ్ళీ వస్తుంది.

నేత కోసం షోరూముకి కాదు, మగ్గం ఉన్న ఇంటికే వెళ్ళండి. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్ళు ఏం చేస్తున్నాయో చూస్తేనే ఆవిడకి పని అర్థమవుతుంది. మంగళగిరి చీర ఒంటి మీద బుటాలుండవు, సాదా నేత, అంచులో జరీ, నిజాం బోర్డర్. చేనేతో మరనేతో తెలియాలంటే అంచు వెలుతురుకి పట్టి చూడండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండు వైపులా గుచ్చే కర్ర వల్ల సన్నటి చిల్లులు వరసగా కనిపిస్తాయి.

సీతానగరం రేవు:

పైన చెప్పిన మార్పుకి నేనూ ఓటేస్తున్నాను. శనివారం గురించి రాస్తాను.

దుర్గ గుడి ఆదివారం పెట్టుకోవద్దు. శుక్ర, ఆదివారాలు రద్దీ ఎక్కువ. శనివారం పొద్దున ఆరింటికి వెళ్ళండి. సంప్రదాయ దుస్తులు ఉండాలి, ఆయనకి పంచె కట్టడం ముందురోజు రాత్రే ఒకసారి చూపించండి. ఫోన్లు, కెమెరాలు కారులో వదిలేయండి.

దర్శనం అయ్యాక కొండ దిగితే ఎదురుగానే ప్రకాశం బ్యారేజీ. కారులో దాటించకండి. డ్రైవర్ని అవతల సీతానగరం వైపు వెళ్ళి ఆగమని చెప్పి మీరు నడవండి. పొడవు 1,223 మీటర్లు, 70 గేట్లు, నిదానంగా నడిచినా పాతిక నిమిషాలు. పొద్దున ఎండ ఉండదు, బళ్ళూ తక్కువ. సాయంత్రమైతే హారన్ల మధ్య మాట వినపడదు. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో పూర్తయింది, దానికి ముందున్న ఆనకట్ట 1855 నాటిది. ఊళ్ళో నుంచి పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మూడూ ఇక్కడే మొదలవుతాయి. బెజవాడలో వీధులు ఎందుకలా వంకర తిరుగుతాయో, ప్రతి సెంటర్లో వంతెన ఎందుకుందో వాళ్ళకి అక్కడ నిలబెట్టి చెప్పడం సులువు.

అక్కడి నుంచి ఉండవల్లి పది నిమిషాలు. టికెట్ విదేశీయులకి వేరే రేటు, మనకంటే చాలా ఎక్కువ. ఆన్‌లైన్‌లో తీస్తే కొంత తగ్గుతుంది, కానీ బయటి దేశం కార్డు మొరాయించవచ్చు, మీ ఫోన్ నుంచి కట్టేయండి. గుహలు నాలుగు అంతస్తులు. మూడో అంతస్తులో ఒకే రాతిలో మలిచిన అనంతశయనుడు ఉంటాడు, లోపల చీకటి, చిన్న టార్చి ఉంచుకోండి. మెట్లు కష్టమైతే అక్కడితో ఆపేయొచ్చు, నాలుగోది పూర్తికాని అంతస్తు.

అమరావతికి బయల్దేరే ముందు ఒక జాగ్రత్త. మ్యాపులో ఊరికే అమరావతి అని కొడితే రాజధాని వైపు, తుళ్ళూరు వెలగపూడి దగ్గర ఎక్కడో తేలుస్తుంది. మీకు కావలసిన పాత ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. అమరావతి స్తూపం అని గానీ అమరేశ్వరస్వామి గుడి అని గానీ కొట్టండి. ఉండవల్లి నుంచి సుమారు 30 కిలోమీటర్లు.

ఇక అసలు విషయం. చాలామంది అతిథిని నేరుగా స్తూపం దగ్గరకి తీసుకెళ్తారు. అక్కడ కనిపించేది గడ్డి మొలిచిన తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. ఇంత దూరం దీనికోసమా అన్నట్టు మొహం పెడతారు, అది వాళ్ళ తప్పు కాదు. ముందు మ్యూజియంకి వెళ్ళండి. స్తూపం బొమ్మనే చెక్కిన పలకలు ఉంటాయి, అండం (గుండ్రటి గుమ్మటం), ప్రాకారం, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు. స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకి తెలిసింది ముఖ్యంగా ఆ పలకల వల్లనే. అవి ఒక్కొక్కటీ చూసి, తర్వాత దిబ్బ దగ్గరకి వచ్చి ప్రదక్షిణంగా ఒక చుట్టు తిరిగితే ఆ ఖాళీలో పలకలు ఎక్కడుండేవో కళ్ళకి కడతాయి. ఆ వరస మారితే ఆ రోజంతా వృథా.

మిగతా శిల్పాలు ఏమయ్యాయని ఆయన తప్పకుండా అడుగుతారు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు కట్టడాలకి రాయి, ఇటుక ఈ దిబ్బలోంచే తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసుకి తరలించాడు. ఇవాళ పెద్ద భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ ఉంది. ఆయనకి లండన్ దగ్గరే కాబట్టి ఇక్కడి పలకలకి ఫొటోలు అనుమతి ఉన్నచోట తీసుకోమనండి, అక్కడికి వెళ్ళినప్పుడు జత కలుపుకోవచ్చు.

125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం కొత్తది. టైం ఉంటే పది నిమిషాలు చాలు.

పడవలరేవు:

చాలా మేలు చేశారు. శుక్ర, శనివారాలు మార్చేశాను. ఆదివారం కొండపల్లి మిగిలింది, భవానీ ద్వీపం ఎక్కడ పెట్టమంటారు?

ఖిల్లా రోడ్డు:

భవానీ ద్వీపం ఆదివారం వద్దు, పడవ కోసమే గంట నిలబడతారు. శుక్రవారం మంగళగిరి నుంచి నాలుగింటికల్లా వచ్చేస్తే పున్నమి ఘాట్ నుంచి వెళ్ళి రావచ్చు. అలసిపోతే మానేయండి, పోయిందేమీ లేదు. నది వాళ్ళు మర్నాడు బ్యారేజీ మీద నుంచి చూస్తారు.

కొండపల్లికి పొద్దున తొమ్మిదికి చేరేలా వెళ్ళండి. ఖిల్లా కంటే బొమ్మల కాలనీకే రెండు గంటలు ఇవ్వండి. తయారైన బొమ్మలు కాదు, పనిలో ఉన్న ఇల్లు వెతకండి. తెల్ల పొనికి చెక్క చేతిలో పెట్టి బరువు చూడమనండి, ఆశ్చర్యపోతారు, అంత తేలిక. తేమ పోయేదాకా సెగ మీద ఆరబెట్టి చెక్కుతారు. ఒళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూత, తర్వాత రంగు. బొమ్మ విరిగితే ఎప్పుడూ ఆ అతుకు దగ్గరే విరుగుతుంది. అందుకే చేతులు బయటికి చాచిన బొమ్మలు, కొమ్మలున్న చెట్లు విమానానికి మంచివి కావు. అంబారీ ఏనుగు, కూర్చున్న మనుషులు గట్టిగా ఉంటాయి. దశావతారాల సెట్టు కొంటే ఒక్కో బొమ్మనీ విడిగా మెత్తటి బట్టలో చుట్టి చేతిసంచిలో పెట్టాలి. తడి గుడ్డతో తుడవకూడదని చెప్పడం మరిచిపోకండి.

చిన్న నోట్లు దగ్గర ఉంచండి, అక్కడ బయటి కార్డులు నడవవు.

ఇంకొకటి, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. అవి మీ రోజుల్లో పడితే ఏలూరు రోడ్డు వైపు కారు కదలదు. ఆదివారం రాత్రి స్టేషన్‌కి గంట ముందే బయల్దేరండి.

గవర్నర్‌పేట:

కాగితాల గురించి ఎవరూ రాయలేదు. విదేశీయులు ఇంట్లో బస చేస్తే ఇంటివాళ్ళు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అందరూ సీ ఫారం అని పిలిచేది ఇదే. హోటళ్ళకే అనుకుంటారు, ఇళ్ళకి కూడా వర్తిస్తుంది. ఇమ్మిగ్రేషన్ వాళ్ళ సైట్‌లో ముందు మీ ఇంటి తరఫున ఖాతా తెరవాలి, దానికి టైం పడుతుంది కాబట్టి వాళ్ళు రాకముందే ఆ పని కానివ్వండి. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా, ఫొటో ముందే తెప్పించుకోండి. భార్యకి, భర్తకి విడివిడిగా ఇవ్వాలి.

వంటింటి కిటికీ:

తిండి విషయంలో హోటల్లో "కారం తక్కువ" అని చెప్పి లాభం లేదండి, కూర ఎప్పుడో వండేసి ఉంటుంది. సహజంగానే కారం లేనివి ఎంచుకోవాలి. పొద్దున ఇడ్లీ, నెయ్యి. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు, అది వాళ్ళకి బాగా పడుతుంది. పెసరట్టు అయితే ఉల్లి, మిర్చి లేకుండా అని ముందే చెప్పాలి, అట్టు పోశాక చెబితే కుదరదు. కారం దోసె మొదటి రోజు వద్దు.

ఇంట్లో మొదటి భోజనం ముద్దపప్పు, నెయ్యి, వంకాయ కూర, పెరుగు. పప్పన్నం కలిపాక ఆవకాయ గోరంత అంచుకి పెట్టి చూపించండి. గోంగూర పులుపు కాబట్టి కారం తెలియక ఎక్కువ తినేస్తారు, కాస్త చూసుకోండి. నోరు మండితే నీళ్ళు ఇవ్వకండి, మంట నోరంతా పాకుతుంది. రెండు చెంచాల గడ్డ పెరుగు ఇవ్వండి, పాలలోని మాంసకృత్తులు ఆ మంటని పట్టి లాగేస్తాయి. ఆవిడ శాకాహారి అన్నారు కదా, గుడ్డు, నెయ్యి, పెరుగు తింటారో లేదో ఇప్పుడే అడగండి. మన శాకాహారం, వాళ్ళది ఒకటి కాదు.

సీలున్న నీళ్ళ సీసాలు కారులో ఎప్పుడూ ఆరు ఉండాలి. చెరుకు రసం ఐసు లేకుండా. మజ్జిగ ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళతో చేసిందే. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. కమోడ్ ఉన్న బాత్రూం అమరావతి దారిలో దొరకడం కష్టం, బయల్దేరేముందే కానిచ్చుకోవాలి. టిష్యూ కాగితం మీరే ఉంచండి.

వెళ్ళేటప్పుడు పచ్చళ్ళు కట్టిస్తారు కదా. నూనె ఉంటుంది కాబట్టి చేతిసంచిలో రానివ్వరు, చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. దుకాణంలో కవర్లో వేసి సీలు చేయించి, పైన ఇంకో రెండు కవర్లు. సీసాలు వద్దు. మాంసం పచ్చళ్ళు పెట్టకండి, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు. పచ్చి గోంగూర ఆకు కూడా అంతే. కందిపొడి, కారప్పొడి, ఉసిరికాయ పచ్చడి పెట్టండి. ఒక్కో పొట్లం మీద ఏముందో, అన్నంలో ఎంత కలుపుకోవాలో ఇంగ్లీషులో రాసి అంటించండి.