ఆవకాయ మీద తెల్లగా తేలింది, బుధవారం అక్క పురిటికొస్తోంది, ఏం చెయ్యాలి?

కావలి తమ్ముడు:
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది, ఇంక నా వల్ల కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. ఆవకాయ పెట్టి ఆరు రోజులైంది. ఇందాక వాసెన విప్పితే పైన తెల్లగా ఉంది. 25 కాయలు, సంతలో ఒక్కొక్కటి ఏరి తెచ్చిన పుల్లకాయలు. వాసన బాగానే ఉంది. వీడియోలు చూస్తే ఒకాయన ఏం కాదు కలిపెయ్యమంటాడు, ఇంకొకామె జాడీతో సహా పారెయ్యమంటుంది.

అక్కకు తొమ్మిదో నెల. బుధవారం తీసుకొస్తున్నాం. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయి మంచం దిగలేదు, అందుకని ఈసారి ఊరగాయ నేనే పెట్టా. అమ్మ నడవలో పడుకుని కొలతలు చెప్పింది, నేను వంటింట్లో చెప్పింది చెప్పినట్టు కలిపా. ఇంకోపక్క వెనక గది అక్కకీ బిడ్డకీ ఖాళీ చెయ్యాలని పది రోజులుగా సర్దుతానే ఉండా. ముప్పై ఏళ్లుగా అది మాకు సామాన్ల గది. వడియాల డబ్బాలు, చింతపండు కుండ, పాత ఫ్యాన్లు, అటక నిండా ఇత్తడి. గది సగం కూడా కాలేదు, ఈలోపు ఇది. ఫొటో పెట్టా, సరిగ్గా పడలేదు. తొందరగా చెప్పండి.

సింగరాయకొండ:
పారెయ్.

పెన్న ఒడ్డు:
అబ్బయ్యా, గబుక్కున పారేయబాక. ముందు అది ఏం తెలుపో చూడు. పొడి గరిటెతో కాస్త తీసి వేళ్ల మధ్య నలుపు. ఇసకలా గరగరలాడితే ఉప్పు పేరుకుందని, దాంతో భయం లేదు. పలచగా ముడతలు పడి మీగడ కట్టినట్టుంటే పొర. దూదిలాగా నూగు లేచి ఉంటే మాత్రం బూజు. నూగు ఉన్నా, ఆకుపచ్చగానో నల్లగానో చుక్క కనిపించినా ఇంక ఆలోచించొద్దు, మొత్తం పారబొయ్యి.

నువ్వు అసలు సంగతులు ఒక్కటీ రాయలేదు నాయనా. ఉప్పు ఎంత పోశావు? ఏ ఉప్పు? నూనె ముక్క మీదికి తేలిందా? మూడోనాడు తిరగ కలిపావా? జాడీ కడిగి ఎంతసేపు ఎండబెట్టావు?

ఒంగోలు కోడలు:
పెన్న ఒడ్డు గారూ, మీరు పొర అంటున్నదాన్ని మా ఇంట్లో పాచి అంటారండీ. పాచి పట్టిందంటే చెమ్మ తగిలిందనే. అయినా తమ్ముడు ఒకచోట ఆవకాయ అని, ఇంకోచోట ఊరగాయ అని రాశాడు. ఊరగాయ అంటే నిమ్మకాయ, ఉసిరికాయ, మాగాయ అన్నీ వస్తాయి. ఏది పెట్టాడో తేలితే కదా చెప్పడానికి. మాగాయకైతే ఊట తీసి ముక్క ఎండబెడతాం, ఆ లెక్కే వేరు. నూనె ఏం వాడారు? మేము నువ్వుల నూనె తప్ప వెయ్యం.

పెన్న ఒడ్డు:
మా నెల్లూరోళ్లకు ఊరగాయ అంటే ముందు ఆవకాయే తల్లీ. తక్కినవాటికే పేరు చెప్పాల. చెనిక్కాయ నూనెతో పెట్టినా ఏడాది నిలబడిన ఇళ్లు మా వీధిలో పది చూపిస్తా. నూనె రకం కాదు, నూనె చాలిందా లేదా అన్నదే లెక్క.

ఇస్కపల్లి ఉప్పుమడి:
నేను ఉప్పుకొఠారు మీద పెరిగినోణ్ణి, ఈ ఒక్క మాట చెప్పనివ్వండి. జనం ఉప్పు అంటే ఉప్పే అనుకుంటారు. కొఠారు నుంచి వచ్చిన గళ్లుప్పుకు చేదు నీటి అంశ అంటుకుని ఉంటుంది, అందులో మెగ్నీషియం ఉంటుంది, అది గాలిలో చెమ్మను లాగుతుంది. సంచిలో ఉప్పు తడితడిగా తగిలేది అందుకే. ఊరగాయకు ఆ ఉప్పును పళ్లెంలో పరిచి ఒకరోజు మంచి ఎండలో పెట్టాలి, చెయ్యి పెడితే వేడిగా గలగలమనాలి. అప్పుడు దంచాలి. మా నాయనమ్మ రోహిణి కార్తె ఎండలో ఎండబెట్టి దంచి, బట్టలో జల్లించి డబ్బాకెత్తేది. ఈ కాలం పిల్లలకు ఉప్పు ఎండబెట్టాలని కూడా చెప్పేవాళ్లు లేరు. మడిలో ఒక్క వాన పడితే నెల కష్టం నీళ్లపాలయ్యే పంట ఇది, అంగట్లో దాని విలువ ఎవరికీ పట్టదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తా.

కావలి తమ్ముడు:
చూశా. ఇసకలా లేదు, నూగూ లేదు. ముడతల పొరే. జాడీకి ఒకపక్కనే ఉంది, అరచెయ్యంత.

ఆవకాయే పెట్టా. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, గిన్నెడు ఉప్పు, అమ్మ చెప్పిన కొలత ఇదే. ఉప్పు గళ్లుప్పే, సంచిలోంచి తీసి గిన్నెతో కొలిచి పోశా. దంచాలా? దంచమని అమ్మ చెప్పలేదు. నూనె ముక్కల అంచు దాకా ఉంది. మూడోనాడు కలపాలని ఇప్పుడే వింటున్నా. జాడీ అటక మీదిది, కడిగి రాత్రంతా ఫ్యాను కింద పెట్టా.

ఇంకోటి కూడా అడగాల. అటక మీద ట్రంకు పెట్టెలో అమ్మమ్మ నేత చీరలు ఏడు దొరికాయి, వెన్నలా మెత్తగా ఉండాయి. బిడ్డకు పక్కగుడ్డలూ పొత్తిగుడ్డలూ వాటితోనే కావాలంది అక్క. కలరా ఉండలు వేసి పెట్టారు కాబట్టి ఒక్క చీరకూ పురుగు పట్టలేదు. ఒక నీళ్లలో జాడించి చింపితే చాలా, నేత బట్టకు వేడినీళ్లు పొయ్యొచ్చా?

పెన్న ఒడ్డు:
దొరికింది. మీ అమ్మ గిన్నెడు ఉప్పు అంటే దంచిన ఉప్పు నాయనా. ఆమెకు ఊరగాయ ఉప్పు అంటేనే దంచిన ఉప్పు, విడిగా చెప్పాలని ఆమెకు తట్టి ఉండదు. గళ్లు గళ్లుగా పోస్తే మధ్యలో సందులుంటాయి, గిన్నె నిండినట్టే కనిపిస్తుంది గానీ ఉప్పు తక్కువ పడుతుంది. ఇప్పుడే మా ఇంట్లో తూచి చూశా. గళ్లుప్పు గిన్నెడు 210 గ్రాములు, దంచి అదే గిన్నె నింపితే 260. అంటే ప్రతి గిన్నెకూ గుప్పెడు ఉప్పు నీకు తగ్గింది. దానికితోడు నూనె అంచు దాకానే ఉంది, కలపలేదు, పైముక్క గాలికి తేలింది. పొర కట్టక ఏం చేస్తుంది?

ఇట్ట చెయ్యి. పొర ఉన్నచోట నాలుగు వేళ్ల లోతు దాకా తీసి పారెయ్. తక్కినదాన్ని పెద్ద బేసినులోకి వంచు. ఎండబెట్టి దంచిన ఉప్పు, మొన్న ఎన్ని గిన్నెలు పోశావో అన్ని గుప్పెళ్లు కలుపు. జాడీని మళ్లీ కడిగి, ఈసారి ఫ్యాను కింద కాదు, మిద్దె మీద బోర్లించి మధ్యాహ్నం ఎండ మొత్తం తగలనియ్. నూనె కాచి, పూర్తిగా చల్లారినాక, ముక్క మీద వేలి కణుపు మందాన నిలబడేట్టు పొయ్యి. నాలుగు రోజులు రోజూ చూడు. మళ్లీ పొర కట్టిందా, అప్పుడు నేనే పారెయ్యమంటా.

ఒంగోలు కోడలు:
గుప్పెడు అంటే ఎవరి గుప్పెడండీ? మా అత్తగారు సోల లెక్క, మా అమ్మ గిద్దల లెక్క. నాలుగు గిద్దలు సోల అని చెప్పుకోవడమే గానీ మా రెండిళ్ల సోలలు పక్కపక్కన పెడితే ఒక్కలా ఉండవు. గ్రాముల్లో చెప్పండి.

ఇస్కపల్లి ఉప్పుమడి:
అదీ మాట. కిలో ముక్కలకు 200 నుంచి 250 గ్రాముల ఉప్పు, గళ్లు అయినా పిండి అయినా తూకంలో ఒకటే. తూచి పోసేవాళ్లకు ఈ బాధ లేదు.

ఆత్మకూరు నర్సమ్మ:
అందరూ ఉప్పు దగ్గరే ఆగిపోయారు. తమ్ముడూ, ఆ చీరలు ఇంకా చింపలేదు కదా? చింపొద్దు. ముందు ఆ పెట్టెను ఇంట్లోంచి బయటపెట్టు.

నేను కాన్పుల వార్డులో 19 ఏళ్లు చేశాను. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. పెట్టెలో వేసినప్పుడు ఉండ గోళీకాయంత ఉంటుంది, కొన్నేళ్లకు తెరిస్తే బఠాణీ గింజంత మిగులుతుంది. తక్కినదంతా ఆవిరై ఆ గుడ్డల్లోకే పోయింది. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉంటుంది, మగపిల్లల్లో ఎక్కువగా చూస్తాం. పైకి చూస్తే ఏమీ తెలియదు, బిడ్డ బాగానే పుడుతుంది. అలాంటి బిడ్డను ఆ గుడ్డల్లో చుడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పసిరికలు ముదురుతాయి, రక్తం పడిపోతుంది, మరీ ముదిరితే మెదడు దెబ్బతింటుంది. మన ఇళ్లలో బిడ్డ ఒంటికి నూనె రాసి మరీ చుడతారు. నూనె ఒంటికి అది ఇంకా తొందరగా ఎక్కుతుంది.

ఒక నీళ్లలో జాడిస్తే పోయేది కాదు. అక్కకు అవే కావాలంటే సబ్బుతో రెండు మూడుసార్లు ఉతికి, రోజుల తరబడి ఎండలోనూ గాలిలోనూ ఆరెయ్యాలి. ఆ తర్వాత కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ మాత్రం వాసన వచ్చినా బిడ్డకు వాడొద్దు. నన్నడిగితే వాటిని ఉంచుకుని, బిడ్డకు మీ అమ్మ రోజూ కట్టి ఉతికిన పాత నూలు చీరలు చింపమంటాను.

ఒంగోలు కోడలు:
మా ఇంట్లో వాటిని కర్పూరం ఉండలనే అంటారండీ, మంచివేననుకున్నాం. పోనీ పెట్టెలో పూజ కర్పూరం వెయ్యొచ్చా?

ఆత్మకూరు నర్సమ్మ:
పేరు కలిసింది గానీ రెండూ వేరమ్మా. కర్పూరం కూడా పసిబిడ్డ దగ్గర వద్దు, లోపలికి పోతే ఫిట్స్ వస్తాయి. జలుబు చేసిందని ముక్కుకీ ఛాతీకీ పూస్తారు, అదీ వద్దు. ఎండిన వేపాకు వేసుకోండి, లేదా బాగా ఎండబెట్టి మూత గట్టిగా ఉన్న పెట్టెలో పెట్టుకోండి, చాలు. స్నానాల గదిలో వేసే ఉండలు కూడా తీసెయ్యండి, వాటిలో కొన్ని నాఫ్తలీన్‌వి కావు, వేరే మందువి, అవీ మంచివి కావు.

తమ్ముడూ, ఇంకో మాట. బిడ్డ పుట్టిన మొదటి 24 గంటల్లోనే పచ్చబడితే ఆగకుండా డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఈ ఉండలు వాడామని కూడా చెప్పండి, అడగకపోతే ఎవరూ చెప్పరు.

సింగరాయకొండ:
అటక దులిపే పని కూడా అక్క రాకముందే అయిపోవాలి. పాత రంగు గీకొద్దు.

పెన్న ఒడ్డు:
నర్సమ్మ చెప్పినాక నాకూ గుర్తొచ్చింది. తమ్ముడూ, జాడీ అటక మీద ఆ ట్రంకు పక్కనే ఉండిందా? మూతి దగ్గర వాసన చూడు. అదే వాసన ఉంటే ఆ జాడీ వాడబాక, ఊరగాయా వద్దు. లోపల పింగాణీ మీద వెంట్రుకలా సన్న బీటలుంటే అక్కడే చెమ్మ నిలుస్తుంది, అదీ చూసుకో. ఎటూ బాలింతకు ఆవకాయ పెట్టరు గదా, మూడో నెల దాకా వెల్లుల్లి కారం, సొంఠిపొడితోనే అన్నం.

ఆత్మకూరు నర్సమ్మ:
ఆవకాయ వద్దంటే సరే, అందులోనూ ఈ జాడీది అసలే వద్దు. కానీ పథ్యం పేరు చెప్పి పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు మానిపించకండి పెద్దమ్మా. బిడ్డకు పాలిచ్చే మనిషికి ఆకలి ఎక్కువ, దాహం ఎక్కువ. మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు కొన్ని ఇళ్లలో, ఈ ఎండల్లో అది చాలా తప్పు. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

పెన్న ఒడ్డు:
నేను ముగ్గురు కూతుళ్లకు పురుళ్లు పోశా. నీళ్లు మేమెప్పుడూ ఆపలేదు. వంకాయా గుమ్మడికాయా మాత్రం పెట్టం.

ఆత్మకూరు నర్సమ్మ:
గుమ్మడికాయ ఏం చేసిందమ్మా?

ఒంగోలు కోడలు:
మా వైపు గుమ్మడికాయ పెడతారండీ, వంకాయే పెట్టరు. లేత బీరకాయ ఐదో రోజు నుంచే.

పెన్న ఒడ్డు:
ఐదో రోజా? మేము తొమ్మిది దాటాకే.

కావలి తమ్ముడు:
జాడీకి వాసన లేదు, అది అవతలి మూల ఉండింది. లోపల బీట ఒకటి కనపడింది, అందుకని పక్కింటి అవ్వ దగ్గర వేరే జాడీ తెచ్చుకున్నా. ఉప్పు మిద్దె మీద ఎండుతోంది. అమ్మను అడిగితే దంచకుండా ఎవరైనా పోస్తారంట్రా అంది. ట్రంకు పశువుల కొట్టంలో పెట్టా. అక్కకు ఫోన్లో చెప్తే ఏడ్చింది, అమ్మమ్మవి గదా అని. రెండు చీరలు మాత్రం ఉతుకుతా ఉండా, వాసన పోతే చూస్తాం. అందరికీ థ్యాంక్స్, గది ఇంకా అట్టనే ఉంది, పోవాల.

ఉదయగిరి కొయ్యగరిటె:
ఇప్పుడే చూశా ఇదంతా. మా మాగాయ మీద కూడా ఇట్టనే పొర వచ్చింది, మేము తూచే పోశాం, ఉప్పు దంచిందే. మాగాయకు కూడా ఇదే లెక్కా, లేకపోతే ఊట సరిగ్గా ఎండలేదంటారా? పెన్న ఒడ్డు గారు ఉన్నారా?