ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోయాయి, బీరు పులియడం అయిపోయినట్టేనా?

లబ్బీపేట_కొత్తవాణ్ని:
20 లీటర్ల పేల్ ఏల్ (ఒక రకం బీరు), ఓజీ (పులియకముందు సాంద్రత) 1.048. యూఎస్-05 ఈస్ట్ ఒక ప్యాకెట్, 11.5 గ్రాములు. శనివారం రాత్రి ఈస్ట్ చల్లితే ఆదివారం పొద్దునకే ఎయిర్‌లాక్ (బకెట్ మూత మీద గ్యాస్ బయటికి పోయే నీళ్ళ గొట్టం) గడగడలాడింది, నురగ మూత దాకా వచ్చింది. సోమవారం రాత్రికి చప్పుడే లేదు. నురగ కూలిపోయి బకెట్ గోడకు గోధుమరంగు చార మిగిలింది. గది 34 డిగ్రీలు. పుస్తకాల్లో వారం అంటున్నారు. ఈస్ట్ చచ్చిందా? ఇంకో ప్యాకెట్ వెయ్యాలా, సీసాలకు పట్టేయొచ్చా?

పటమట_మాస్టారు:
కంగారు పడకు తమ్ముడూ. చార ఉందంటే నురగ లేచి పడిందని, ఈస్ట్ పని చేసిందని అర్థం. పుస్తకాల్లో వారం 18-20 డిగ్రీల లెక్క. మన వేడికి పెద్ద హడావుడి రెండు రోజుల్లో ముగియడం మామూలే. నురగలో గోధుమరంగు తునకలు కనిపించినా బూజు అనుకోకు, అవి హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) జిగురు, ఈస్ట్. పైన తెల్లటి పొర సాగి ముడతలు పడినా, నూగుతో పచ్చని, నల్లని మచ్చలు లేచినా అప్పుడు భయపడు. రెండో ప్యాకెట్ అక్కర్లేదు. మూత తియ్యకుండా పది రోజులు వదిలెయ్.

బ్రాడీపేట_హైడ్రోమీటర్:
"వదిలెయ్" కూడా ఒక సలహానా? బుడగలు కొలత కాదండీ. మూత వాషర్ సరిగ్గా కూర్చోకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, బీరు చక్కగా పులుస్తున్నా ఎయిర్‌లాక్ కదలదు. అంతా అయిపోయాక కూడా మధ్యాహ్నం బీరు వేడెక్కితే కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు కనిపిస్తాయి. రాత్రి చల్లబడితే ఎయిర్‌లాక్ నీళ్ళను లోపలికి లాక్కుంటుంది కూడా.

హైడ్రోమీటర్‌తో (సాంద్రత కొలిచే, తేలే గాజు గొట్టం) కొలవడానికి, శానిటైజ్ చేసిన గొట్టంతో 100 మిల్లీలీటర్లు తియ్యి. గిరగిరా తిప్పి గ్యాస్ పోగొట్టు, లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌కు అంటుకుని పైకి లేపి ఎక్కువ చూపిస్తాయి. తీసింది వెనక్కి పొయ్యొద్దు. మూడు రోజులాగి మళ్ళీ కొలువు. రెండూ ఒకటే అయితేనే అయినట్టు. ఈ ఓజీకి 1.009-1.012 మధ్య ఆగాలి. హైడ్రోమీటర్ గుర్తులు 20 డిగ్రీలకు పెట్టినవైతే 34 దగ్గర తక్కువ చూపిస్తుంది, 0.004 కలుపుకో. 1.010 కనిపిస్తే అసలు 1.014.

పటమట_మాస్టారు:
కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటే ఇదే. రెండు కొలతలూ ఒకటేనా అన్నదే ప్రశ్న అయితే, రెండింట్లోనూ అదే తప్పు ఉంటుంది. 0.004 కలిపితే ఏంటి, కలపకపోతే ఏంటి?

బ్రాడీపేట_హైడ్రోమీటర్:
రెండుసార్లూ అదే వేడి ఉంటే సరే. పొద్దున 30 దగ్గర ఒకటి, మధ్యాహ్నం 35 దగ్గర ఒకటి తీస్తే, ఏమీ జరక్కుండానే 0.0015 తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రమాదం సీసాలో ఉంది. పులియాల్సింది 0.001 మిగిలితే దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ (బీరు పరిమాణంలో సగమంత). 0.004 మిగిలితే రెండు. సీసాలో గ్యాస్ కోసం లీటరుకు 6 గ్రాముల చక్కెర వేస్తే ఇంకో ఒకటిన్నర. ముందే కరిగి ఉన్నది కూడా కలిస్తే 4 దాటుతుంది. మామూలు బీరు సీసాను 3 దాటాక నమ్మడానికి లేదు.

గుణదల_గోపి:
మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. చెప్పలేదనకండి.

అరండల్‌పేట_అబ్బాయి:
మొదలెట్టారు మళ్ళీ ఇద్దరూ 😀

పటమట_మాస్టారు:
కొత్తవాళ్ళు ఎవరు ఏది అడిగినా ఈయన హైడ్రోమీటర్ పట్టుకుని దిగిపోతారు. నిరుడు వేసవిలో నా పోస్టు కిందా ఇదే గోల. రోజూ మూత తీసి కొలిచి, గాలీ క్రిములూ ఎక్కించి పాడు చేసుకునేవాళ్ళే ఎక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలా?

బ్రాడీపేట_హైడ్రోమీటర్:
రోజూ అని నేనెక్కడన్నాను? మీరు "మామూలే" అన్నారు చూడండి, నా పేచీ దాంతోనే. ఈస్ట్‌కు మామూలేమో గానీ బీరుకు కాదు. గది 34 ఉంటే జోరుగా పులిసేటప్పుడు బకెట్ లోపల ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అది యూఎస్-05 తట్టుకునే వేడి కాదు. అరటిపండు వాసన, గొంతు మండించే ఘాటు మొదటి రెండు రోజుల్లోనే పుట్టేస్తాయి. ఆ ఘాటు ఎన్నాళ్ళు నిల్వ పెట్టినా సరిగ్గా పోదు. అంతా మామూలే అని చెబితే, ఇంటి బీరు రుచే అంత అనుకుంటాడు కుర్రాడు.

పటమట_మాస్టారు:
ఆ ముక్క మొదటే అనొచ్చుగా! అయిపోయిన బకెట్‌ను ఇప్పుడు చల్లబరిచి లాభం లేదు. ఈస్ట్ అడుక్కు దిగిపోయి, మిగిలిన డయాసిటైల్‌ను (బీరుకు వెన్న వాసన తెచ్చేది) శుభ్రం చెయ్యదు. పది రోజులన్నది అందుకే. ఇంట్లో రెండో ఫ్రిజ్ లేనివాడు మన వేసవిలో బీరు జోలికే పోకూడదంటారా?

బ్రాడీపేట_హైడ్రోమీటర్:
పోవచ్చు, ఈస్ట్ మార్చి. వాస్ క్వైక్ వెయ్యమనండి. నార్వే పల్లెల ఈస్ట్, 35-40 డిగ్రీలు దానికి ఇష్టం. యూఎస్-05 తప్పదంటే బకెట్‌ను నీళ్ళ టబ్బులో పెట్టి, గడ్డకట్టించిన సీసాలు వేస్తుండాలి. లీటరు మంచు 20 లీటర్లను నాలుగు డిగ్రీలు దించుతుంది. టబ్బులో ఇంకో 20 లీటర్ల నీళ్ళుంటే అందులో సగమే. మొదటి మూడు రోజులు రెండు పూటలా మార్చాలి. తడిగుడ్డా ఫ్యానూ మన ఉక్కపోతలో పెద్దగా పని చెయ్యవు.

పటమట_మాస్టారు:
క్వైక్‌కు నా ఓటు కూడా. కానీ రెండో రోజే మూత తియ్యమంటే మాత్రం ఒప్పుకోను.

లబ్బీపేట_కొత్తవాణ్ని:
తీసేశానండీ మాస్టారూ. 1.008 చూపించింది, బీరు వేడి 33. అరటిపండు వాసన బాగానే ఉంది.

బ్రాడీపేట_హైడ్రోమీటర్:
అంటే 1.0115. మూడు రోజులాగి, ఇదే టైముకి.

పటమట_మాస్టారు:
వారం.