నియమాలు తక్కువగా ఉన్న రోల్‌ప్లేయింగ్ ఆటల్లో అంత ఆకర్షణ ఏముంది?

ఒంగోలు_పాచిక (ఒంగోలు):

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాల్లో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతో, పాచికలతో కథ నడిపే ఆటలు) ఆడుకునే చిన్న బృందం ఒకటి ఉంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడు, వాడి స్నేహితులు, ఎదురింటి పదో తరగతి అమ్మాయి, వీలున్నప్పుడు కావలి నుంచి వచ్చే మా బావగారు ఇందులో ఉన్నారు. గేమ్ మాస్టర్‌గా ఆటను నడిపించే పని నాది.

మేము మొదటి నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ఆడుతున్నాము. 2014లో వచ్చిన ఆ ఎడిషన్ అంతకు ముందు వాటికంటే చాలా తేలికైనదని పేరున్నా, మా వాళ్లలో రూల్‌బుక్ పూర్తిగా చదివినవారు ఇద్దరే. మిగిలినవారు తమ వంతు రాగానే క్యారెక్టర్ షీట్ (తమ పాత్ర బలాబలాలు రాసుకున్న కాగితం) వైపు, ఆ తరువాత నా ముఖం వైపు చూసి, "ఇప్పుడు నేనేం చేయవచ్చు?" అని అడుగుతారు. ఈమధ్య ఒక వారం ఆ చదివిన ఇద్దరూ రాకపోవడంతో, జాన్ హార్పర్ 2013లో ఒకే పేజీలో రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే ఆటను బయటికి తీశాను. అందులో ప్రతి పాత్రకూ 2 నుంచి 5 లోపు ఒకే ఒక్క అంకె ఉంటుంది. బుద్ధితో చేసే పనికి పాచిక ఆ అంకెకన్నా తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి, సరిగ్గా అదే అంకె పడితే ఆటగాడు గేమ్ మాస్టర్‌ను ఒక ప్రశ్న అడిగి నిజమైన జవాబు పొందవచ్చు. నియమాలంటే దాదాపు ఇవే. ఇన్నాళ్లూ నోరు మెదపని ఎదురింటి అమ్మాయి ఆ సాయంత్రం అంతరిక్ష నౌకకు కెప్టెన్‌గా అందరికీ ఆజ్ఞలు జారీ చేసింది.

ఇది కొత్త వస్తువు మీద ఉండే మోజేనా, లేక నియమాలు తక్కువగా ఉండటంలోనే ఏదైనా బలముందా అన్నది నా సందేహం. ఎందుకంటే, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్న ముట్టడి నేపథ్యంగా నెలల తరబడి సాగే కథ ఒకటి నడపాలనుకుంటున్నాను. ఒక్క సాయంత్రానికి సరిపోయిన తేలికతనం అంత పొడవైన కథను మోయగలదా? ఇంకొక చిన్న ఇబ్బంది కూడా ఉంది. పలు ముఖాల పాచికలు మా ఊరి దుకాణాల్లో దొరకవు, తెప్పించుకున్న ఒక్క సెట్టునే అందరం పంచుకుంటున్నాము.

పెన్నా_గట్టు (నెల్లూరు):

ఒంగోలు_పాచిక గారూ, మోజు కొంత ఉండవచ్చు గానీ, మీరు చూసినదానికి అంతకంటే గట్టి కారణమే ఉందని నా అభిప్రాయం. అయితే తేలికతనాన్ని పేజీల లెక్కతోనో పాచికల లెక్కతోనో కొలవకూడదు. 1986లో వచ్చిన గర్ప్స్ ఆటలో వాడేవి మామూలు ఆరు ముఖాల పాచికలే అయినా, దాన్ని తేలికైన ఆట అని ఎవరూ అనరు. ఆటగాడు తాను చేయదలచిన పనిని మామూలు మాటల్లో చెప్పిన క్షణం నుంచి ఆ పని ఏమైందో తేలేవరకు మధ్యలో ఎన్నిచోట్ల ఆగవలసి వస్తుందన్నదే నేను చూసే కొలత.

మీ ఉదయగిరి కథనే తీసుకుందాం. ఒక ఆటగాడు "కాపలావాడి నడుం పట్టుకుని కింద పడేస్తాను" అన్నాడనుకోండి. 2003లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడున్నర ఎడిషన్ ప్రకారమైతే, మీద పడబోతున్న క్షణంలోనే కాపలావాడికి ఒక ఉచిత దెబ్బ కొట్టే అవకాశం వస్తుంది. ఆ దెబ్బ తగిలితే పట్టు ప్రయత్నం అక్కడే విఫలం. తగలకపోతే ముందు చేయి ఆనించడానికి ఒక పాచిక, ఆ తరువాత ఇద్దరూ చెరొక పాచిక వేసి పోటీ, అందులో గెలిస్తే ఆటగాడు ఆట పటం మీద ఆ కాపలావాడి గడిలోకి జరగడం. ఇంతా అయ్యాక కాపలావాడు ఇంకా కింద పడలేదు, పట్టు మాత్రమే చిక్కింది! అయిదో ఎడిషన్‌లో ఇదే పని ఇద్దరి మధ్య ఒక్క పోటీతో తేలిపోతుంది. ఇంటూ ది ఆడ్ వంటి ఆటలో ప్రమాదం ఎవరిదో వారు తమ బలం అంకెకు మించకుండా ఇరవై ముఖాల పాచిక వేస్తే చాలు. మూడున్నర ఎడిషన్ పద్ధతి తెలివితక్కువదని నేను అనడం లేదు, దానిలోని ప్రతి మెట్టుకూ ఒక తర్కముంది. కానీ ఆ మెట్లన్నీ ఎక్కేసరికి చెప్పినవాడి ఉత్సాహం చల్లారిపోతుంది, పుస్తకం చదివినవాడు బల్లకు పెద్ద అవుతాడు, తక్కినవారు ప్రేక్షకులవుతారు. మీ ఎదురింటి అమ్మాయి ఇన్నాళ్లూ ప్రేక్షకురాలిగా ఉన్నది అందుకే కావచ్చు.

అందరూ గమనించని సంగతి మరొకటి ఉంది. ఒక పనికి నియమం పుట్టినప్పుడు, ఆ నియమం లేనివారికి ఆ పని నిషేధమైపోతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దొంగ అనే పాత్ర లేదు. అప్పట్లో గోడ ఎక్కాలన్నా, చప్పుడు లేకుండా నడవాలన్నా, దారిలోని ఉచ్చును కనిపెట్టాలన్నా ఎవరైనా ప్రయత్నించేవారు, ఎలా చేస్తున్నారో వివరిస్తే గేమ్ మాస్టర్ తీర్పు చెప్పేవాడు. 1975 నాటి గ్రేహాక్ అనుబంధంలో దొంగ వచ్చాడు. అతనితోపాటు నక్కి ఉండటానికింత, తాళం తీయడానికింత అని శాతాలు వచ్చాయి. దాంతో కత్తి పట్టిన వీరుడు నక్కి నడవడం తన షీట్‌లో లేని విద్య అనుకోవడం మొదలుపెట్టాడు. దొంగకు ఇచ్చిన వరం మిగిలినవారి నుంచి తీసుకున్నదే అని పాత ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదనలో నేను వాళ్ల పక్షం.

ఇక ఉదయగిరి సంగతికి వస్తే, మీకు అక్కరలేని నియమాలు చాలా ఉన్నాయి. రోహిణీ కార్తె ఎండలో చెప్పులు లేకుండా ఆ కొండ బండల మీద నడవడం ఎలా ఉంటుందో, దుర్గం మీది కోనేరు ఎండితే పైనున్న సైన్యం గతి ఏమిటో మీ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఏ పట్టికా చెప్పనక్కరలేదు. ఎవరూ చూడని మాయాలోకానికి నియమాలు ఎక్కువ కావాలి, అందరికీ తెలిసిన నేలకు తక్కువ చాలు.

సింగరాయకొండ_వాన (సింగరాయకొండ):

పెన్నా_గట్టు గారు చెప్పినదానిలో చాలా భాగంతో నాకు పేచీ లేదు గానీ, నియమం తీసేసినచోట పని కూడా పోతుందన్నట్టు మాట్లాడటం సరికాదు. ఆ బరువు పుస్తకం మీద నుంచి దిగి గేమ్ మాస్టర్ నెత్తిన కూర్చుంటుంది.

ఈ వాదన మన ఆటలకంటే చాలా పాతది. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణ కోసం రైస్విట్జ్ 1824లో క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడను పట్టికలతో, పాచికలతో, కొలతలతో ప్రకటించాడు. లెక్కలు ఎక్కువై ఆట నత్తనడక నడుస్తోందన్న విసుగు పెరిగింది. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే అధికారి పట్టికలను పక్కన పెట్టి, ఫలితాన్ని అంపైరు తన అనుభవంతో చెప్పేస్తే చాలునని ప్రతిపాదించాడు. నేటి తేలికైన ఆటల అభిమానులు ఆయనను తమ తాతగా చెప్పుకుంటారు. వాళ్లు దాటవేసే విషయం ఒకటుంది. ఆ అంపైరు యుద్ధం చూసిన పై అధికారి, అతని తీర్పు వెనుక అనుభవంతో పాటు హోదా కూడా ఉంది. మిద్దె మీద తమ్ముడికి, బావకు తీర్పు చెప్పే మనకు ఆ రెండూ లేవు. "సొంత తమ్ముడు కాబట్టే వాడి పాత్రను చావనివ్వలేదు" అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే, ఎంత న్యాయంగా నడిపినా ఆ ఆట మీద మచ్చ పోదు. పాచిక చంపితే ఎవరూ అలగరు, మనం చంపితే అలుగుతారు.

రెండో సంగతి. నోరున్నవాడికే ఊరన్నట్టు, నియమాలు లేని బల్ల దగ్గర మాటకారులే రాజ్యమేలుతారు. షీట్ మీద "ఈ మంత్రం వేస్తే ఇది జరుగుతుంది" అని అచ్చయి ఉంటే, బిడియస్తుడు వేలు పెట్టి చూపించి తన హక్కు తీసుకోగలడు. అది లేనిచోట గేమ్ మాస్టర్‌ను మాటలతో ఒప్పించుకోవాలి. ఎదురింటి అమ్మాయికి ఒక్క పేజీ ఆట ధైర్యం ఇచ్చి ఉండవచ్చు. నేను నడిపిన ఒక బల్లలో మాత్రం పూర్తిగా తారుమారైంది: లెక్క తప్పకుండా షీట్ రాసుకుని వచ్చే కుర్రవాడు, షీటే లేని ఆటలో వెనక్కి తగ్గిపోయాడు.

కాబట్టి నా సలహా మధ్యేమార్గం. 1981లో టామ్ మోల్డ్వే కూర్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకం 64 పేజీలే. అందులో రెండు పద్ధతులను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకండి. ఎదురైన పరాయివారు శత్రువులా, మిత్రులా అన్నది ముందే నిశ్చయం కానప్పుడు రెండు ఆరు ముఖాల పాచికలు వేసి వారి వైఖరి తేల్చడం ఒకటి. పోరు మధ్యలో శత్రువులు నిలబడతారా, పారిపోతారా అని అవే రెండు పాచికలతో చూడటం ఇంకొకటి. ఈ రెండూ నేర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు, కానీ పక్షపాతమన్న మాట పుట్టే చోట్లను అవి మూసేస్తాయి. గజపతుల కాపలాదళం మీ తమ్ముడిని చూసి జాలి పడిందా, పడలేదా అన్నది మీ నోటి నుంచి రాకూడదు, పాచిక నుంచి రావాలి.

గవ్వల_మూట (కావలి):

పాచికల గురించి మాత్రమే రాస్తాను. 1970ల చివర అమెరికాలోనే పలు ముఖాల పాచికలకు కొరత వచ్చి, డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పెట్టెల్లో కొన్నింటిలో పాచికలకు బదులు అంకెలు అచ్చేసిన అట్టముక్కలు పెట్టి అమ్మారు. మీరూ 1 నుంచి 20 వరకు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకోవచ్చు, తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి వేసి కలపడం మరవకండి.

అసలు ఆరు ముఖాల పాచికలు రెండుంటే చాలా ఆటలు నడుస్తాయి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో రెండు పాచికల మొత్తం 10 లేదా అంతకు మించితే పని పూర్తిగా అవుతుంది, 7 నుంచి 9 అయితే పని అవుతుంది గానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి, 6 లేదా అంతకు తక్కువైతే గేమ్ మాస్టర్ వంతు. పాత్రకు కలిసివచ్చే అంకె ఏదీ లేదనుకుంటే 36 అవకాశాల్లో పూర్తి విజయానికి 6, మిగిలిన రెండింటికీ చెరి 15. కథ ఎక్కువగా చిక్కుల్లోనే సాగాలని ఆ అమరిక ఉద్దేశం. మీ దుర్గం ముట్టడికి ఇది బాగా నప్పుతుంది.

మంచి నియమం ఎలా ఉంటుందో చెప్పమంటే అయిదో ఎడిషన్‌లోని అనుకూలతను చూపిస్తాను. 2000 నాటి మూడో ఎడిషన్‌లో పరిస్థితి ప్రతికూలమైతే రెండు తీసేయ్, ఎత్తు మీదున్నందుకు ఒకటి కలుపు అని వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు. కొత్త పద్ధతిలో పరిస్థితి అనుకూలమైతే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవాలి, ప్రతికూలమైతే చిన్నది. 11 గానీ అంతకు మించి గానీ పడవలసినచోట 50 శాతంగా ఉన్న అవకాశం మొదటిదానిలో 75కు పెరుగుతుంది, రెండోదానిలో 25కు పడిపోతుంది. కూడికా తీసివేతా ఏదీ చేయకుండానే ఇంత తేడా వస్తుంది.

గవ్వలతో ఆడవచ్చా అని మీరు అడగకపోయినా చెబుతాను. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు వేస్తే వెల్లకిలా పడినవి సున్న నుంచి నాలుగు వరకు రావచ్చు. రెండు పక్కలకూ సమానంగా పడతాయనుకుంటే 16లో 1, 4, 6, 4, 1 అన్న వరుస వస్తుంది, అంటే మధ్య ఫలితాలే ఎక్కువ. అయితే ఏ గవ్వా రెండు పక్కలకూ సమానంగా పడదు. ఒకే మూటలోని గవ్వలనే ఆట పొడవునా అందరూ వాడితే గొడవ ఉండదు.

పెన్నా_గట్టు (నెల్లూరు):

సింగరాయకొండ_వాన గారు పక్షపాతం గురించి చెప్పినది ఒప్పుకుంటున్నాను, వైఖరి పాచికలను మా బల్ల దగ్గరా వాడుతున్నాము. అయితే తీర్పుకు బలం హోదా నుంచే రావాలని లేదు, ముందు చెప్పిన తీర్పుకు కట్టుబడటం నుంచి కూడా వస్తుంది. మేము ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాము. నియమం లేనిచోట నేను చెప్పిన ప్రతి తీర్పునూ ఆటగాళ్లలో ఒకరు ఒక్క వాక్యంలో రాస్తారు, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఆ వాక్యమే చెల్లుతుంది. తడిసిన తాడు మీద ఎక్కితే పాచిక రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవాలని నా పాత్రకే నేను చెప్పిన తీర్పు తగిలిన రోజున (ఆ వారం గేమ్ మాస్టర్ మరొకరు) అందరూ తెగ సంబరపడ్డారు. ఆ పుస్తకం రోజురోజుకూ లావెక్కుతోందన్న మాట నిజమే, పనికిరాని వాక్యాలను అప్పుడప్పుడు కొట్టేస్తుంటాము.

పొడవైన కథకు నేను కెయిర్న్‌ను సూచిస్తాను. యోఖాయ్ గాల్ 2020లో విడుదల చేసిన ఆట అది, ఉచితంగా దొరుకుతుంది. బలం, చురుకుదనం, మనోబలం అన్న మూడు అంకెలే ఉంటాయి. మోయగలిగే వస్తువులకు పది గడులుంటాయి, అలసట కూడా ఒక గడిని ఆక్రమిస్తుంది. నీళ్లకుండ మోయాలా, నిచ్చెన మోయాలా అన్న ముట్టడి కాలపు ప్రశ్నకు ఇంతకంటే చక్కని నియమం నేను చూడలేదు. అందులో లెవెళ్లు (అనుభవంతో పాత్ర ఎక్కే మెట్లు) లేవు, పాత్ర ఎదిగేది తాను చూసినదాని వల్ల, సంపాదించినదాని వల్ల. లెవెలు పెరగడమే సుఖమనుకునేవారు మీ బృందంలో ఉంటే వారికి ఇది రుచించదు. ఆ పాఠం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది కాబట్టి, మూలకర్త పేరు చెప్పి, మీ అనువాదాన్నీ అదే లైసెన్సుతో పంచుకుంటే తెలుగులో రాసి అచ్చు వేసుకోవచ్చు.

ఒంగోలు_పాచిక (ఒంగోలు):

అందరికీ కృతజ్ఞతలు. కెయిర్న్‌ను పునాదిగా తీసుకుని, వైఖరికీ పలాయనానికీ సింగరాయకొండ_వాన గారు చెప్పిన రెండు పాచికల పద్ధతిని కలిపి మొదలుపెడతాను. తీర్పుల పుస్తకం మా బావగారి చేతికి ఇస్తాను, ఆయన రాసినదాన్ని మార్చమనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అయిదో ఎడిషన్‌కు అలవాటుపడ్డ ఇద్దరికి మొదటి రోజే చెప్పవలసినది ఏమైనా ఉందా?

పెన్నా_గట్టు (నెల్లూరు):

ఉంది. కెయిర్న్‌లో దెబ్బ తగిలిందా లేదా అని పాచిక వేయరు, ఎంత తగిలిందన్నదానికే వేస్తారు. మొదట్లో పాత్రను కాపాడే అంకె ఒక్క ఆరు ముఖాల పాచిక మీద పడినంతే, అది అయిపోయాక దెబ్బ నేరుగా బలంలో నుంచి పోతుంది. కాపలాదళం కనబడగానే కత్తి దూసే అలవాటుతో వస్తే మొదటి గంటలోనే కొత్త క్యారెక్టర్ షీట్ రాసుకోవలసి వస్తుందని ఆ ఇద్దరికీ ముందే చెప్పండి, ఖాళీ షీట్లు కొన్ని అదనంగా జిరాక్స్ తీయించి పెట్టుకోండి.