బీ-బాట్ ఇస్తే పిల్లలు బటన్లు నొక్కేయడమే తప్ప ఆలోచించట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న

నాది ఒకటో తరగతి, 28 మంది పిల్లలు, నాలుగు బీ-బాట్లు (వీపు మీద బాణం బటన్లు నొక్కి, చివర గో బటన్ నొక్కితే అదే వరసలో నేల మీద కదిలే తేనెటీగ ఆకారం రోబో బొమ్మలు). రెండు పీరియడ్లు చేయించి చూశాను, రెండూ గోలతోనే సరిపోయాయి. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు లాక్కుంటారు, అది వెళ్లి గోడకి గుద్దుకుంటే క్లాసంతా నవ్వులు. నేను అడిగిందల్లా చార్ట్ మీద 'అ' గడి నుంచి 'ఇ' గడికి తీసుకెళ్లమని. ఇంకో విచిత్రం ఏంటంటే, నా కళ్లముందే సరిగ్గా నొక్కినా ఒక్కోసారి ఎటో పోతోంది. బొమ్మ పాడైందంటారా?

జవాబు 1

బొమ్మ బాగానే ఉంటుందండి. ముందు పిల్లలు నొక్కినవన్నీ దాని మెమరీలో అలాగే ఉండిపోతాయి, గో నొక్కగానే ముందు పాతవి, వాటి వెనకే కొత్తవి నడుస్తాయి. ఇంటూ గుర్తు బటన్ నొక్కితేనే చెరిగిపోతాయి. మా క్లాసులో దీనికి "పలక తుడిచావా?" అని పేరు పెట్టాం, అప్పట్నుంచి ఎవరూ మర్చిపోలేదు (నేను తప్ప).

రెండోది, ఎడమ బాణం నొక్కితే ఎడమ గడిలోకి వెళ్తుందనుకుంటారు పిల్లలు. అది ఉన్నచోటే 90 డిగ్రీలు తిరుగుతుంది, అంతే. పక్క గడిలోకి వెళ్లాలంటే ఆ తర్వాత ముందుకు బాణం కూడా నొక్కాలి. పెద్దవాళ్లం మనం కూడా మొదటిసారి ఇక్కడే బోల్తా పడతాం.

జవాబు 2

నన్నడిగితే ఒక వారం ఆ బొమ్మల్ని డబ్బాలోనే ఉంచండి. నేల మీద టేపుతో గళ్లు వేసి, ఒక పిల్లని రోబోగా నిలబెట్టి మిగతావాళ్లని ఆజ్ఞలు ఇవ్వమనండి. రోబో సొంత తెలివి వాడకూడదు, "తిరుగు" అంటే తిరగాలే గాని అడుగు వేయకూడదు. తిరగడం వేరు, నడవడం వేరు అన్నది ఒంటితో చేస్తేనే ఎక్కుతుంది. 1967లో పిల్లల కోసం పుట్టిన లోగో అనే కంప్యూటర్ భాషకి తర్వాత తాబేలు రోబోని జోడించినప్పుడు, ఆ భాషని తయారుచేసినవాళ్లలో ఒకరైన సేమోర్ పాపర్ట్ చెప్పింది కూడా ఇదే, తాబేలు ఎటు వెళ్లాలో తెలియకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడమని.

తర్వాత బాణం కార్డులు, అంటే ఒక్కో బటన్‌కి ఒక్కో బాణం గీసిన కార్డు. ముందు కార్డులు వరసగా పేర్చాలి, పేర్చాకే బొమ్మ చేతికి. తప్పుగా వెళ్తే మీరు సరిచేయకండి, ఏ కార్డు దగ్గర తప్పిందో వాళ్లనే వెతకమనండి, అసలు పాఠం అక్కడే ఉంది. ఒక్క బొమ్మకి ఏడుగురంటే కొట్లాట ఖాయం. సగం క్లాసుకి వేరే పని ఇచ్చి ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టండి: ఒకరు పేర్చాలి, ఒకరు నొక్కాలి, ఒకరు బొమ్మ కదులుతుంటే కార్డుల మీద వేలు జరుపుతూ పోవాలి.

జవాబు 3

డబ్బాలో పెట్టడం నేను ఒప్పుకోను. బొమ్మ ఉందని తెలిశాక వారం ఆగరు వాళ్లు. మొదటి పీరియడ్ ఇష్టం వచ్చినట్టు నొక్కుకోనివ్వండి, మోజు తీరాక మాట వింటారు. కార్డుల సంగతి మాత్రం నిజం.

చార్ట్ మీరే గీస్తే ఒక్కో గడి కొలిచి 15 సెంటీమీటర్లు పెట్టండి, బొమ్మ వేసే ఒక్కో అడుగు అంతే. మెత్తటి కార్పెట్ మీద పక్కకి జారుతుంది, బయలుదేరేటప్పుడు కాస్త వంకరగా పెట్టినా నాలుగో గడికల్లా గీత దాటేస్తుంది. అప్పుడు తప్పు పిల్లల ప్రోగ్రాంది కాదు, పాపం వాళ్లు తమదే అనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్ అండి. ముందు ఒక పీరియడ్ ఆడుకోనిచ్చి, తర్వాత గళ్లాట, కార్డులు చేయించాను. ఇప్పుడు గో నొక్కేలోపే "టీచర్, వాడు తుడవలేదు" అని ఫిర్యాదులు! ఒక్కటే మిగిలింది. బొమ్మ వాళ్ల వైపు ఎదురుగా వస్తున్నప్పుడు ఎడమా కుడీ తారుమారు చేస్తున్నారు.

జవాబు 2

లేచి వెళ్లి బొమ్మ వెనకాల నిలబడి చూడమనండి. చార్ట్ చుట్టూ నడిచేంత ఖాళీ మాత్రం వదలండి.