బావిలోకి తొంగి చూసే బొమ్మలో లోతు రావడం లేదు

ప్రశ్న

గుండ్రటి రాతి బావిని పైనుంచి చూస్తున్నట్టు నీటిరంగుల్లో వేస్తున్నాను. బావి వెడల్పు 2 మీటర్లు, గట్టు నుంచి నీళ్లు 4 మీటర్ల కింద. రాతి వరసల్ని ఒకే కేంద్రం చుట్టూ సమాన ఎడంతో గీసి, నడుమ నీళ్లంతా ఆకాశనీలం పూశాను. పళ్లెంలో నీళ్లు పోసినట్టుంది. ఏం మార్చాలి?

జవాబు 1

ముందు ఎడం చూడండి. చూపు నిట్టనిలువుగా కిందికి, కన్ను గట్టుకి 1 మీటరు పైన ఉందనుకుందాం. కాగితం మీద గట్టు వలయం 20 సెం.మీ. వేస్తే, 1 మీటరు లోతు వరస 10, 2 మీటర్లది 6.7, 3 మీటర్లది 5, నీటి అంచు 4 సెం.మీ. మొదటి మీటరే సగం వెడల్పు మింగేస్తుంది.

అసలు చిక్కు కేంద్రంతోనే. గట్టు మీద వంగిన మనిషి కన్ను బావి నడుమకి చేరదు; సుమారు 60 సెం.మీ. ఇవతలే ఆగుతుంది. అందుకని గట్టు వలయం కేంద్రం నుంచి మీ వైపు 6 సెం.మీ. దూరంలో ఒక చుక్క పెట్టండి. కంటికి నేరుగా కింద ఉండేది అదే. లోతుకి వెళ్లేకొద్దీ వలయాల కేంద్రాలు ఆ చుక్క వైపు జరుగుతాయి: 1 మీటరు దగ్గర చుక్కకి 3 సెం.మీ., నీటి దగ్గర 1.2. రాళ్ల నిలువు అతుకులన్నీ ఆ చుక్క వైపే సాగాలి. అప్పుడు ఎదుటి గోడ 12.8 సెం.మీ. పరుచుకుంటుంది, మీ వైపు గోడ 3.2కి నలిగిపోతుంది. లోతు పుట్టేది ఆ తేడాలోనే.

జవాబు 2

నీళ్లంతా ఆకాశం నింపకూడదండీ. నీటిలో గట్టు ప్రతిబింబం 8 మీటర్ల లోతున ఉన్నట్టు కనిపిస్తుంది, అంటే మీ కాగితం మీద 2.2 సెం.మీ. ఆకాశం ఆ చిన్న బిళ్లలోనే. దాని కేంద్రం చుక్కకి 0.7 సెం.మీ. చుట్టూ మిగిలిన నీటిలో తలకిందులైన గోడ, దాదాపు నల్లగా. తొంగి చూసేవాళ్ల తల చుక్క దగ్గరే, 2 మి.మీ. మచ్చ.

రంగు కూడా తగ్గించాలి. నిలువుగా చూసినప్పుడు నీరు తన మీద పడిన వెలుతురులో సుమారు 2 శాతమే తిప్పి పంపుతుంది. చుట్టూ చీకటి కాబట్టే ఆ బిళ్ల మెరుస్తుంది. బూడిద కలిసిన పలచటి నీలం ఒక్క పూత చాలు. తెల్ల కాగితం వదిలేస్తే బావికి అడుగున చిల్లు పడ్డట్టుంటుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది. ఎండ, మొక్కలు ఎలా?

జవాబు 1

సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే సూర్యుడికి ఎదురుగా ఉన్న గోడ మీద ఎండ 2 మీటర్ల వరకే దిగుతుంది, పక్కలకి నెలవంకలా సన్నబడుతుంది. ఈ బావిలో నీటిని ఎండ తాకాలంటే 63 డిగ్రీలు దాటాలి. ఎండ పట్టీ, నీటి మీద మెరుపు రెండూ వేయాలనుకుంటే ఈ లెక్క చూసుకోండి.

జవాబు 3

మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ అనే బావి గోడల మొక్కకి తడిసిన సున్నపు అతుకులంటే ప్రాణం. ఆకులు వెలుతురు కోసం పైకి, బావి నడుమ వైపుకి సాగి, కొసలు వాలుతాయి. పైనుంచి మనకి కనిపించేది ఆకుల పైవైపే. పక్కనుంచి చూసినట్టు నిలువు కాడలు గీస్తే గోడ చదునైపోతుంది. ఇంకా కిందకి వెలుతురు తగ్గాక నాచే మిగులుతుంది. అక్కడ ఆకులు వద్దు, తడి కాగితం మీద ముదురు ఆకుపచ్చని అలా వదిలేయండి.