రంగు ‘పోయింది’ అనాలా, ‘విఘటనం’ అనాలా?

ప్రశ్న (ధర్మవరం): పట్టు అద్దకంవాళ్లకు పంచే కరపత్రంలో “ఘన ఉత్ప్రేరకంతో నీళ్లలో రంగు పోతుంది” అని రాశాం. ‘పోతుంది’ చాలా, ‘విఘటనం చెందుతుంది’ అనాలా?

జవాబు (అనంతపురం): చాలదన్నా. రంగు అణువులు పొడి మీద అతుక్కుంటే అధిశోషణం. తెగిపోయి చివరికి కార్బన్ డయాక్సైడు, నీరు, లవణాలైతే విఘటనం. ‘పోతుంది’ అంటే రెండూ ఒకటే అయిపోతాయి. అతుక్కున్న రంగు పొడిలోనే ఉంటుంది, ఆ పొడిని వంకలో పారేస్తే మళ్లీ నీళ్లలో కలుస్తుంది.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. మూడు బీకర్లలో 100 మి.లీ. చొప్పున అదే రంగునీళ్లు పోయండి. ఒకదాంట్లో ఐరన్ ఆక్సైడ్ పొడి 0.1 గ్రాము, రెండోదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్, మూడోదాంట్లో రెండూ. మూడింటినీ చీకట్లో ఒకే వేగంతో కలపండి. మొదటి బీకర్లో ఎంత తగ్గిందో అంత అధిశోషణమే. రెండోదాంట్లో తగ్గింది పెరాక్సైడ్ ఒక్కటే చేసిన పని. మూడోదాంట్లో ఆ రెండూ కలిపినదానికంటే బాగా తగ్గితేనే ఉత్ప్రేరకం పనిచేసినట్టు. అప్పుడు కూడా ‘విఘటనం పూర్తయింది’ అనకండి: అజో బంధం (చాలా రంగు అణువుల్లో రంగునిచ్చే, రెండు నైట్రోజన్ల మధ్య ఉండే బంధం) తెగితే చాలు రంగు మాయమవుతుంది, ముక్కలు నీళ్లలోనే మిగులుతాయి. సీఓడీ (నీళ్లలో మిగిలిన పదార్థాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే కొలత) చూడాల్సిందే. మిగిలిన పెరాక్సైడ్ ఆ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను ఖర్చుచేసి సీఓడీని ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ముందు దాన్ని తీసేయాలి.

కడప నుంచి: బీఎస్సీ పుస్తకాల్లో ‘విజాతీయ ఉత్ప్రేరకం’ (నీళ్లలో కరగకుండా వేరే స్థితిలో ఉండి పనిచేసేది) ఉంది కదా సార్, ‘ఘన’ ఎందుకు?

జవాబు (అనంతపురం): విద్యార్థులకైతే అదే సరైన మాట. అద్దకంవాళ్లకు మాత్రం ‘విజాతీయ’ అంటే వేరే జాతి అనే తోస్తుంది, వాళ్లకు ‘ఘన’ మేలు. అయితే పేరు నిలబడాలంటే పొడి నిజంగా ఘనంగానే ఉండాలి. పీహెచ్ 3 దగ్గర, అంటే నీళ్లు బాగా ఆమ్లంగా ఉన్నప్పుడు, ఇనుము నీళ్లలోకి దిగిందంటే పని చేసేది కరిగిన ఇనుమే, 1894లో ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త వివరించిన చర్య అది. రంగు సగం తగ్గాక సన్నని పొరతో వడగట్టండి. వడగట్టిన నీళ్లలోనూ అదే వేగంతో తగ్గుతుంటే అది సజాతీయమే, అంటే నీళ్లలో కరిగి పనిచేసేదే.

ధర్మవరం: అయితే ఏం రాద్దాం?

జవాబు (అనంతపురం): “ఈ పొడి, పెరాక్సైడ్ కలిసి రంగును విరగ్గొడతాయి, కొంత రంగు పొడికే పడుతుంది, వాడిన పొడిని బయట పారేయకండి.” కింద బ్రాకెట్లో విఘటనం, అధిశోషణం పెట్టండి. బోరునీళ్ల గురించి ఒక ముక్క చేర్చండి: బైకార్బొనేట్ ఎక్కువుంటే రంగును విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్‌ను (పెరాక్సైడ్ నుంచి పుట్టే చురుకైన కణం) అదే తినేస్తుంది, పీహెచ్ దిగడానికి ఆమ్లం కూడా ఎక్కువ పడుతుంది.