ర్యాప్‌లో అందరికన్నా గొప్పవాడు ఎవరు? నా ఓటు రకీంకే

తాళగతి:

ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్‌హాప్‌కు యాభై ఏళ్లు నిండిన 2023లో అమెరికా సంగీత పత్రికలు బిల్‌బోర్డ్, వైబ్ కలిసి యాభై మంది గొప్ప ర్యాపర్ల జాబితా వేశాయి. మొదటి స్థానం జే-జీకి, రెండోది కెండ్రిక్ లమార్‌కు, మూడోది నాస్‌కు దక్కాయి. ఆ వరస చూసినప్పటి నుంచి నాకు మనసొప్పడం లేదు. ముగ్గురూ ఉద్దండులే, కాదనను. కానీ వాళ్లకు మాట పేర్చడం నేర్పిన మనిషి వాళ్లకన్నా పైన ఉండాలి కదా! ఆ మనిషి రకీం.

ఎందుకో వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్, ఆయన చెల్లెలు కలిసి పెట్టిన పార్టీతో ఈ కళ పుట్టిందని అంటారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా ర్యాప్ అంటే ముఖ్యంగా జనాన్ని ఊపడమే. గొంతెత్తి అరవాలి, ప్రతి పాదం చివరా ప్రాస పడాలి, ఆ ప్రాస డ్రమ్ము దెబ్బ మీదే పడాలి. రన్-డి.ఎం.సి. బృందం ఆ పద్ధతిలో ఆరితేరినవాళ్లు.

1986లో లాంగ్ ఐలండ్‌లోని వయాండాంచ్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు రకీం మైకు ముందు అరవలేదు. పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు, కింది స్థాయిలో, తాపీగా చెప్పుకుపోయాడు. మొదటి పాట రికార్డు చేస్తున్న మార్లీ మార్ల్ ఇంకాస్త హుషారు కావాలని అడిగినా గొంతు పెంచలేదు. మరుసటి ఏడాది డీజే ఎరిక్ బి.తో కలిసి 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్ తెచ్చాడు. అక్కడితో పాత పద్ధతికి కాలం చెల్లింది.

ఆయన చేసింది పద్యం రుచి తెలిసినవాళ్లకు వెంటనే పట్టుబడుతుంది. అంత్యప్రాస ఒక్కదాని మీద నడుస్తున్న కళలోకి లోపలి ప్రాసను అంత విరివిగా, అంత పకడ్బందీగా తెచ్చినవాడు ఆయనే. ఒక్క పాదంలోనే రెండు మూడు చోట్ల అదే ధ్వని మెరుస్తుంది. వాక్యం పాదం చివర ఆగకుండా కిందికి జారి, తర్వాతి పాదం నడుమ ఎక్కడో ముగుస్తుంది. డ్రమ్ము దెబ్బ పడగానే మాట కూడా పడుతుందని చెవి ఎదురుచూస్తుంటే, ఆయన ఒక్క క్షణం ఆపి ఆ తర్వాత వదులుతాడు. చిన్నతనంలో శాక్సోఫోన్ వాయించినవాడు. జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వాయిద్యంలో విన్న లయను మాటల్లో పట్టడానికి ప్రయత్నించానని ఆయనే చెప్పుకున్నాడు.

నా కొలత ఒక్కటే. ఒక మనిషి వచ్చాక, అంతకు ముందు రాసినట్టు ఇంకెవరూ రాయలేకపోవాలి. ఈ కొలతకు నిలిచేవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

పాత క్యాసెట్:

తాళగతి గారూ, చక్కగా రాశారు. కానీ మీరు చెప్పినదంతా పనితనం గురించే. మనిషి ఏడీ?

టుపాక్ షకూర్ చనిపోయేనాటికి ఇరవై ఐదేళ్లు. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో కాల్పులు జరిగాయి, ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఆ కాస్త జీవితంలో ఎన్ని గొంతులకు చోటిచ్చాడో చూడండి. 1991లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోనే, పత్రికలో చదివిన వార్త ఆధారంగా పన్నెండేళ్ల వయసులో తల్లి అయిన పేద పిల్ల కథ చెప్పాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఆ వయసు కుర్రాళ్లు మైకు దొరికితే తమ గురించి తాము చెప్పుకుంటారు. అతను ఎవరికీ పట్టని పిల్ల గురించి చెప్పాడు. తల్లి అఫేని నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ ఉద్యమంలో పనిచేసిన మనిషి కాబట్టి ఆ కోపం, ఆ జాలి అతనికి ఇంట్లోనే అలవడ్డాయి. 1995లో 'మీ అగెనెస్ట్ ద వరల్డ్' అమెరికా ఆల్బమ్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కినప్పుడు అతను జైల్లో ఉన్నాడు.

లోపలి ప్రాసలు లెక్కపెట్టుకుంటూ ఎవరూ ఏడవరు. టుపాక్ పాట విని ఏడ్చినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు.

వరంగల్ గాలి:

ఎమినెం పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ర్యాప్ పాటకు మొట్టమొదటి ఆస్కార్ తెచ్చింది ఆయనే, 2003లో. 2000లో వచ్చిన 'ద మార్షల్ మాథర్స్ ఎల్‌పీ' మొదటి వారంలోనే పదిహేడు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ప్రాసే కొలత అయితే, అసలు ప్రాస కుదరని మాటలను కూడా అచ్చులు సాగదీసి కుదిర్చే విద్యలో ఆయన్ను మించినవారు ఎవరు? మా హాస్టల్లో ఇంగ్లిష్ సరిగా రానివాళ్లు కూడా ఆయన పాటలు కాగితం మీద రాసుకుని బట్టీ పట్టేవారు.

తాళగతి:

వరంగల్ గాలి గారూ, ఎమినెం ఏమనుకుంటున్నాడో ఆయన మాటల్లోనే ఉంది. 2002 ఆల్బమ్‌లోని ఒక పాటలో తన దృష్టిలో గొప్పవాళ్ల వరస చెప్పాడు. రెడ్‌మ్యాన్‌తో మొదలుపెట్టి జే-జీ, టుపాక్, బిగ్గీ, ఆండ్రే ఇలా చదువుకుంటూ పోయి, నాస్ తర్వాత తన పేరు పెట్టుకున్నాడు. అంటే తొమ్మిదో స్థానం. ఆ వరసలో రకీం లేడని మీరు అనవచ్చు, నిజమే. కానీ ఒక మాటలో నాలుగు అచ్చులను పక్క మాటలోని నాలుగు అచ్చులతో కలిపే ఆ విద్య మొలకెత్తింది 1987లోనే.

పాత క్యాసెట్ గారికి తీరిగ్గా జవాబు చెప్పాలి, చెబుతాను.

ఆరో అంతస్తు:

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. నేను నాస్ పక్షం.

రకీం తలుపు తీశాడు. సరే, లోపలికి వెళ్లి మొత్తం చూసి వచ్చినవాడు నాస్. 1994 ఏప్రిల్‌లో 'ఇల్మాటిక్' వచ్చేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. పది భాగాలు, నలభై నిమిషాలు కూడా నిండని ఆల్బమ్. క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ గృహసముదాయంలో ఒక కుర్రాడు కిటికీలోంచి చూసినదంతా అందులో ఉంది. ఒక పాట మొత్తం జైల్లో ఉన్న స్నేహితులకు రాసిన ఉత్తరాలు: నీ కొడుకు పుట్టాడు, ఫలానావాడు ఇలా అయ్యాడు, వీధిలో పరిస్థితి ఇదీ అని. 1996లో ఇంకో పాటను తుపాకీ నోట చెప్పించాడు. 2001లో ఒక కథను చివరి నుంచి మొదటికి నడిపాడు. అందులో తూటా శరీరంలోంచి బయటికి వచ్చి తుపాకీలోకి తిరిగి వెళుతుంది, సంభాషణలు కూడా వెనక్కే నడుస్తాయి. అలాంటి కథన నైపుణ్యం రకీంలో చూపించండి.

ఇంకొకటి. ఎరిక్ బి.తో రకీం చేసిన నాలుగు ఆల్బమ్‌లు 1992తో అయిపోయాయి. నాస్ 2020 నుంచి 2023 లోపు నిర్మాత హిట్-బాయ్‌తో కలిసి ఆరు ఆల్బమ్‌లు తెచ్చాడు. తొలి గ్రామీ అందుకున్నది 2021లో, నలభై ఏడేళ్ల వయసులో. ముప్పై ఏళ్ల పాటు రాస్తూనే ఉండి, ఇంకా చెప్పడానికి విషయం మిగిలి ఉండటం చిన్న సంగతి కాదు.

మీ ఎంపిక మీద నాకు ఒక అనుమానం కూడా ఉంది, తాళగతి గారూ. మనం యతిప్రాసలు వింటూ పెరిగినవాళ్లం. మాట ఎక్కడ ఎలా పడుతోందో మన చెవి ముందు పట్టుకుంటుంది, చెబుతున్న సంగతి తర్వాత అందుతుంది. ఇక్కడ నాతో పనిచేసే బ్రూక్లిన్ మిత్రుడికి 'ఇల్మాటిక్' అంటే ప్రాస కాదు, తన మేనమామల వీధి.

నీలిమేఘం:

ఇంతసేపూ 'గొప్పవాడు' అనే మాటే వినబడుతోంది. ఒక సంగతి మీ ముందు పెడతాను.

ఆరో అంతస్తు గారు చెప్పిన అదే క్వీన్స్‌బ్రిడ్జ్‌లో రాక్సాన్ షాంటే అనే పిల్ల ఉండేది. 1984లో, పద్నాలుగేళ్ల వయసులో, మార్లీ మార్ల్ ఇంట్లో ఆశువుగా ఒక పాట చెప్పింది. ముందు రాసుకున్నది లేదు. అది ఎంత దుమారం రేపిందంటే, దానికి జవాబులుగా పాటల వరద వచ్చింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో జరిగిన పోటీలో అవతల పెద్ద పేరున్న మగ ర్యాపర్. షాంటే ఓడిపోయింది. న్యాయనిర్ణేతల్లో ఒకడైన కర్టిస్ బ్లో ఆమెకు కావాలనే తక్కువ మార్కులు వేశాడు. ఆడపిల్ల గెలిస్తే ఈ కళను లోకం లెక్కచేయదని అలా చేశానని తర్వాత తానే ఒప్పుకున్నాడు.

అందరికన్నా గొప్ప ఎవరన్న ప్రశ్నకు జవాబు అలా తయారైంది. తూకం వేసేటప్పుడే తక్కెడ ఒక పక్కకు వంచి, ఇప్పుడు జాబితాల్లో ఆడవాళ్లు ఎందుకు తక్కువని అడిగితే ఎలా?

నా ఓటు లారిన్ హిల్‌కు. 1998లో వచ్చిన సోలో స్టూడియో ఆల్బమ్ ఒక్కటే. మరుసటి ఏడాది అది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. హిప్‌హాప్‌కు ఆ బహుమతి రావడం అదే మొదలు. ఒక్క ఆల్బమ్ చాలదని ఎవరైనా అంటే, బిగ్గీకి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు. రెండోది విడుదలయ్యేనాటికి ఆయన లేడు. అయినా ఆయన్ను ఏ జాబితా నుంచీ ఎవరూ తీయరు. మరి లారిన్ విషయంలో మాత్రం ఎందుకు లెక్క అడుగుతారు?

కృష్ణలంక:

నీలిమేఘం గారి మాటతో ఏకీభవిస్తూనే జే-జీ తరఫున రెండు ముక్కలు. బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానం ఊరికే రాలేదు. ఇతరులతో కలిసి చేసినవాటితో సహా పద్నాలుగు ఆల్బమ్‌లు అమెరికా అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కాయి. పాటను కాగితం మీద పెట్టకుండా తలలోనే కట్టుకుని మైకు ముందుకు వెళతాడు. 2017లో, నలభై ఏడేళ్ల వయసులో, భార్యకు చేసిన ద్రోహం గురించి బహిరంగంగా క్షమాపణ చెబుతూ ఆల్బమ్ రాశాడు. డాబుసరితో మొదలైన కళను అంత దూరం తీసుకెళ్లడం నాకు అన్నిటికన్నా పెద్ద విషయం.

రాతబల్ల:

కెండ్రిక్ గురించి ఎవరూ మాట్లాడకపోతే ఎలా? 2018లో సంగీతానికి పులిట్జర్ వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా వేరే బాణీకి అది దక్కడం అదే మొదటిసారి. కానీ నా కారణం పులిట్జర్ కాదు.

2012 ఆల్బమ్‌లో పన్నెండు నిమిషాల పాట ఒకటి ఉంది. మొదటి చరణం హత్యకు గురైన స్నేహితుడి తమ్ముడి గొంతు. నేను కూడా పోతానేమో, నా గురించి పాడు అని అడుగుతూ ఉండగా వాక్యం మధ్యలో తుపాకులు పేలతాయి, గొంతు తెగిపోతుంది. రెండో చరణం ఒంటిని అమ్ముకుని చనిపోయిన అమ్మాయి చెల్లెలిది. ఆమె కెండ్రిక్ మీద మండిపడుతుంది: మా అక్క కథ పాటలో పెట్టమని నిన్ను ఎవరు అడిగారు అని. నేను మాసిపోను, మాసిపోను అంటూ ఉండగానే ఆ గొంతు మెల్లమెల్లగా సన్నగిల్లి వినబడకుండా పోతుంది, ఆమె మాత్రం చెబుతూనే ఉంటుంది. పాట రాసినవాడే తనను దోషిగా నిలబెట్టుకుని, ఎదుటి మనిషికి నోరిచ్చి, ఆ నోరు ఎలా అణగిపోతుందో శబ్దంతో చూపించాడు. కొత్త పద్ధతి కనిపెట్టినవాడే గొప్ప అంటే నన్నయతోనే ఆగిపోవాలి, తిక్కన దాకా రానక్కర్లేదు.

తాళగతి:

అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను.

రాతబల్ల గారూ, ఆ పాట గురించి మీరు రాసినది చదివి మళ్లీ విన్నాను. గొంతులు మార్చి నాటకం నడపడం రకీం చేయలేదు, అది ఆయన దారి కాదు. కానీ తాపీగా, ఒకరి చెవిలో చెబుతున్నట్టు ర్యాప్ చేయవచ్చని ముందు ఎవరో నిరూపించకపోతే, ఆ చెల్లెలి గొంతు అలా సన్నగిల్లే అవకాశం ఎక్కడిది? అరుపుల కాలంలో ఆ పాట పుట్టదు.

ఆరో అంతస్తు గారూ, మన చెవి గురించి మీరు అన్నది బలమైన మాట. అయితే రకీం పనితనం విన్నది తెలుగు చెవి ఒక్కటే కాదు. నాస్ తన 2004 ఆల్బమ్‌లో రకీం జీవితకథను ఒక పూర్తి పాటగా రాశాడు. ఒక మహాకవి ఇంకొకరి చరిత్రను పాటగా కట్టాడంటే అది ఉత్త మర్యాద కాదు. మార్లీ మార్ల్ ఇంట్లో రకీం మొదటి పాట రికార్డయినప్పుడు అదే క్వీన్స్‌బ్రిడ్జ్‌లో నాస్ పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు. మీరు చెప్పిన కిటికీలోంచి వినిపించినది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నీలిమేఘం గారూ, షాంటే సంగతి ఈ చర్చలో అందరూ చదవాల్సినది. ఆశువుగా చెప్పడంలో ఆ పిల్ల ముందు నిలిచినవాళ్లు ఆ కాలంలో చాలా తక్కువ. ఆ పోటీ న్యాయంగా జరిగి ఉంటే 1985 తర్వాత ఎంతమంది ఆడపిల్లలు మైకు అందుకునేవారో!

పాత క్యాసెట్ గారూ, మనిషి ఏడీ అన్నారు. రకీం ఆ నిదానంలోనే ఉన్నాడు. నల్లజాతి కుర్రాడు నోరు తెరిస్తే అరుపో ఆటపాటో వినడానికి అలవాటు పడిన దేశంలో, పద్దెనిమిదేళ్లవాడు గొంతు పెంచకుండా నిలబడి, మీరే దగ్గరికి వచ్చి వినండి అన్నట్టు మాట్లాడాడు. నాకు అందులో ఎంతో ఆత్మగౌరవం వినబడుతుంది. 1988 నాటి 'ఫాలో ద లీడర్' ఒకసారి పూర్తిగా వినండి, ఆ తర్వాత చెప్పండి.

పాత క్యాసెట్:

విన్నాను. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో పట్టుకోలేకపోయాను, అంత పట్టున్న మనిషి. ఓటు మాత్రం మారదు. టుపాక్ వాళ్ల అమ్మ మీద రాసిన పాటను 2010లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం జాతి భద్రపరచుకోవాల్సిన రికార్డింగుల్లో చేర్చింది. మత్తుమందులకు బానిసైన తల్లిని దాచకుండా చెబుతూ, అదే నోటితో ఆమెను రాణి అన్నాడు. రకీం పాటల్లో అంతగా గుండెను పట్టే పాట ఒక్కటి చెప్పండి, ఈ రాత్రే వింటాను.